లెక్కకు రాని అంతస్తు

మన పాత ఇండ్లలో అటక అనేది ఒకటి ఉండేది. ఊరగాయ జాడీలు, పెండ్లిళ్ళకు మాత్రమే క్రిందికి దింపే గంగాళాలు, గొలుసు తెగిన ఉయ్యాలబల్ల, ఇవన్నీ అక్కడ నివసించేవి. మీ ఇంటికి ఎన్ని అంతస్తులని ఎవరైనా అడిగినప్పుడు అటకను కూడా లెక్కపెట్టి చెప్పిన గృహస్థు లేడు. కాని పరీక్షలకు చదువుకొనే పిల్లవాడొకడు ఇంటి సందడికి తాళలేక, నిచ్చెన వేసుకొని పైకెక్కి, అక్కడనే చాప పరచుకొని పడుకోవడం మొదలుపెట్టినాడనుకొందాము. ఇప్పుడది అటకయా, అంతస్తా? గోడకు ఒక కిటికీ పెట్టించితే? నడుము వంచకుండా నిలబడగలిగినంత ఎత్తు ఉంటే?

ప్రశ్న చిన్నదే. కాని ఐరోపా నగరాలు దానితో మూడువందల ఏండ్లకు పైగా కుస్తీ పట్టినవి. ఇంటికి ఎన్ని అంతస్తులుండవచ్చునో ప్రభుత్వం నిర్ణయించిన మరుక్షణమే, ఏది అంతస్తు, ఏది కాదు అన్న తగవు పుట్టినది. ఈ తగవును కొలబద్దతో తీర్చవలెనని అందరికంటె పట్టుదలగా ప్రయత్నించినవారు జర్మనులు. వారి కట్టడ శాస్త్రంలో "ఫొల్‌గెషొస్" అని ఒక మాట ఉన్నది. నిండు అంతస్తు అని దాని అర్థం. ఆ మాట వెనుక నున్న చరిత్రను ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేస్తాను. పైకి ఇది మేస్త్రీల వ్యవహారంగా కనబడుతుంది గాని, నిజానికి ఇది లెక్కలోకి రాని గదులలో బ్రతికిన మనుష్యుల కథ.

మొదట లండను నగరానికి పోదాము. 1666 సెప్టెంబరులో నాలుగైదు రోజుల పాటు రగిలిన అగ్నిలో ఆ నగరం చాలవరకు బూడిద అయినది. కొయ్య ఇండ్లు ఒకదానిమీదికొకటి వంగి, ఇరుకు సందుల మీద దాదాపు తలలు తాకించుకొని ఉండేవి గనుక మంట ఒక ఇంటినుండి మరొక ఇంటికి అడుగు వేసినంత సులభంగా పాకినది. మరుసటి సంవత్సరం, అనగా 1667లో, పార్లమెంటు నగర పునర్నిర్మాణానికి ఒక శాసనం చేసినది. ఇండ్లను ఇటుకతోగాని రాతితోగాని కట్టవలె. చిన్న సందులలో రెండంతస్తులు, పేరున్న వీధులలో మూడు, రాజవీధులలో నాలుగు. ఒక్కొక్క అంతస్తు ఎన్ని అడుగుల ఎత్తుండవలెనో కూడా అందులో వ్రాసినారు. అయితే ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉన్నది: నేలమాళిగను, కప్పు క్రింది అటకగదిని విడిచిపెట్టి లెక్కించవలె. కనుక రెండంతస్తుల ఇల్లన్నది వాస్తవానికి నాలుగు చోట్ల మనుష్యులు మసలే ఇల్లు. శాసనకర్తలకు కావలసినది వీధి ముఖం ఒక తీరుగా ఉండడము, నిప్పు పాకకుండడము. క్రింద పొగలో వంటమనిషి, పైన చలిలో పనిపిల్ల ఎట్లుంటారన్నది వారి ప్రశ్న కాదు.

పారిసు నగరంలో ఇదే సంగతి మరింత అందమైన రూపం తాల్చినది. 1783, 1784 సంవత్సరాల రాజాజ్ఞలలో వీధి వెడల్పును బట్టి గోడ ఎత్తుకు హద్దు పెట్టినారు. ఆ ఎత్తును చూరు పట్టీ వరకే కొలిచేవారు. ఆపైన కప్పు. కప్పును రెండు వాలులుగా విరిచి, క్రింది వాలును దాదాపు గోడవలె నిటారుగా నిలబెడితే లోపల ఒక గది లభిస్తుంది. ఇట్టి కప్పును పదునేడవ శతాబ్దంలో ఫ్రాన్స్వా మాన్సార్ అనే శిల్పి ప్రచారంలోకి తెచ్చినాడు గనుక దానికి ఆయన పేరే నిలిచినది. ఆయన కనిపెట్టినది కాదు, ఆయనకు ముందే ఉన్నది. శిల్పి చూపిన అందాన్ని ఇంటి యజమానులు ఆదాయంగా మార్చుకొన్నారు. 1859 నాటి శాసనంలో ఇరువది మీటర్ల వెడల్పుగల వీధులలో గోడకు ఇరువది మీటర్ల హద్దు పెట్టి, కప్పు నలుబదియైదు డిగ్రీల వాలు గీతను దాటరాదన్నారు. ఆ గీత లోపల ఇమిడినన్ని గదులు ఇమిడినవి. పనికత్తెల గదులని పేరుపడ్డవి ఆ కప్పు క్రిందివే. పారిసును చూచివచ్చినవారు ఆ నీలిబూడిద రంగు కప్పులను మెచ్చుకొంటారు. అవి మెచ్చదగినవే. కాని ఎండకాలపు మధ్యాహ్నం ఆ జింకు రేకు క్రింద పడుకొన్నవారి అభిప్రాయం వేరుగా ఉండవచ్చును.

ఇక బెర్లిను. ఇక్కడ కొంచెము ఆగవలె.

1853లో బెర్లిను పోలీసుశాఖ ఒక కట్టడ నిబంధనావళిని విడుదల చేసినది. ఆ రోజులలో కట్టడాల అదుపు పోలీసుల చేతిలోనే ఉండేది. ఇంటి లోపలి ముంగిలి ఎంత ఉండవలెనని ఆలోచించి, పొడవు వెడల్పులు 5 మీటర్ల 34 సెంటీమీటర్లు చాలునన్నారు. ఈ కొలత ఎక్కడనుండి వచ్చినది? అగ్నిమాపక యంత్రం లోపలికి వచ్చి తిరుగుటకు కావలసిన జాగా అది. వెలుతురుకు కాదు, గాలికి కాదు, యంత్రానికి. తరువాత 1862లో జేమ్స్ హోబ్రెక్ట్ అనే ఇంజనీరు నగర విస్తరణకు పటం గీచినాడు. వీధులు విశాలమైనవి, వీధుల నడుమ స్థలాలు లోతైనవి. లోతైన స్థలం, చిన్న ముంగిలి, వెరసి ఏమవుతుందో ఇంటి వ్యాపారులు వెంటనే గ్రహించినారు. వీధివైపు ఒక ఇల్లు, దాని వెనుక ముంగిలి, దాని వెనుక మరొక ఇల్లు, మరల ముంగిలి. ఇట్లు వరుసగా. వీటిని అద్దె బారకాసులని పిలిచేవారు. 1873, 74 సంవత్సరాలలో వెడ్డింగ్ పేటలో కట్టిన మేయర్స్ హోఫ్ అనే భవనసముదాయంలో ఒకదాని వెనుక ఒకటిగా ఆరు ముంగిళ్ళుండేవి. ఒకప్పుడు రెండువేల మంది వరకు అందులో నివసించినారు. మన ప్రాంతంలో అది ఒక ఊరు.

నగర జనాభా 1871లో 8 లక్షల 26 వేలు. 1900 నాటికి దాదాపు 19 లక్షలు. ఇంతమంది ఎక్కడ పడుకొన్నారు? అద్దె బారకాసులో ఎక్కువ అద్దె పలికేది వీధివైపు మొదటి మేడ. అక్కడ అధికారి కుటుంబము. దాని మీద చిన్న ఉద్యోగులు. వెనుక ఇండ్లలో కూలీలు. అందరికంటె పేదలు రెండు చోట్ల: నేలకు దిగువ నున్న మాళిగలలో, కప్పు క్రిందనున్న అటకలలో. 1860 ప్రాంతాలలో బెర్లిను జనంలో దాదాపు పదవవంతు నేలమాళిగలలోనే కాపురమున్నారు. గోడలకు తేమ, కిటికీకి ఎదురుగా బాటసారుల చెప్పులు. చెప్పులు కుట్టేవాడు, బొగ్గు అమ్మేవాడు, ఇంటి కావలివాడు సామాన్యంగా అక్కడనే ఉండేవారు. ఈ మాట చదువుతున్నప్పుడు హైదరాబాదులోని ఒక అపార్టుమెంటు మనకు గుర్తు రావచ్చును. "స్టిల్ట్ ప్లస్ ఐదు" అని చెప్పుకొనే ఆ ఇంటిలో, మెట్ల క్రింద, కార్ల ప్రక్కన, వాచ్‌మన్ కుటుంబము ఒకే గదిలో ఉంటుంది. ఐదు అన్న అంకెలో ఆ గది లేదు.

హోబ్రెక్ట్ ఈ ఏర్పాటును తప్పని అనుకోలేదు. 1868లో వ్రాసిన ఒక గ్రంథంలో దీనిని సమర్థించినాడు కూడా. ఇంగ్లండులో ధనికులొక పేటలో, పేదలొక పేటలో ఉంటారు, ఒకరి ముఖం ఒకరెరుగరు. మా నగరంలో మాళిగలోని పిల్లవాడు ఉచిత పాఠశాలకు, మొదటి మేడలోని పిల్లవాడు పెద్ద బడికి ఒకే నడవలో నడిచి పోతారు, ఆపదలో ఒకరికొకరు తోడవుతారు అని ఆయన వాదము. ఇది కపటం కాదు, ఆయన నమ్మి వ్రాసినదే. నగరానికి గొప్ప మురుగునీటి ఏర్పాటు చేసి వేలాది ప్రాణాలను కాపాడినవాడు కూడా ఆయనే. కాని ఒకే నడవలో నడచినంత మాత్రాన మాళిగ గోడ తేమ ఆరదు. 1930లో వెర్నర్ హేగెమాన్ అనే నగర విమర్శకుడు తన "రాతి బెర్లిను" అనే గ్రంథంలో 1853 నిబంధనను, 1862 పటాన్ని ఒకే బోనులో నిలబెట్టి తీర్పు చెప్పినాడు. ఆ తీర్పులో కోపమెక్కువ, కాని కోపానికి కారణము లేకపోలేదు.

1887లో కొత్త నిబంధనలు వచ్చినవి. ముంగిలికి కనీసం 60 చదరపు మీటర్లుండవలెనన్నారు. చూరు ఎత్తుకు 22 మీటర్ల హద్దు పెట్టినారు. మనుష్యులు ఎడతెగక నివసించే అంతస్తులు ఐదుకు మించరాదన్నారు. ఆ 22 మీటర్ల గీత ఇప్పటికీ బెర్లిను పాత వీధులలో కంటికి కనబడుతుంది. కప్పులన్నీ ఒకే దారం పట్టి కోసినట్లుంటవి. 1920లో చుట్టుప్రక్కల ఊళ్ళన్నీ కలిసి మహానగరమైన పిమ్మట, 1925లో వెలువడిన కట్టడ నిబంధన నగరాన్నంతటిని తరగతులుగా విభజించినది. ఈ తరగతిలో రెండంతస్తులు, ఆ తరగతిలో మూడు, నడిబొడ్డున ఐదు, ఇట్లు. వెనుక ఇండ్లను ఇక కొత్తగా కట్టరాదన్నది. ఆ సంవత్సరమే బ్రూనో టౌట్, మార్టిన్ వాగ్నర్ అనే శిల్పులు బ్రిట్జ్ పేటలో గుర్రపులాడం ఆకారంలో మూడంతస్తుల ఇండ్ల సముదాయాన్ని మొదలుపెట్టినారు. మధ్యలో తోట, ప్రతి ఇంటికి గాలి. 2008లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినారు.

ఇప్పటినుండి అంతస్తు అన్న మాట నగర పటంలో ఒక అంకెగా మారినది. అంకెగా మారినది గనుక దానికి నిర్వచనము కావలసివచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధంలో నగరాలు నేలమట్టమైనవి. గతిలేక జనం మరల మాళిగలలో, అటకలలో తలదాచుకొన్నారు. దేశాన్ని తిరిగి కట్టవలసిన ఆ సమయంలో పశ్చిమ జర్మనీలో ఒక న్యాయసందేహం వచ్చినది. కట్టడాలపై శాసనం చేసే అధికారం కేంద్రానిదా, రాష్ట్రాలదా? 1954లో రాజ్యాంగ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పినది. భూమిని ఎట్లు వినియోగించవలెనన్న ప్రణాళిక కేంద్రానిది. ఇల్లు కూలకుండ, కాలకుండ, మనుష్యులకు హాని లేకుండ ఉండవలెనన్న భద్రతానియమాలు రాష్ట్రాలవి. వినడానికి సబబుగానే ఉన్నది. కాని అంతస్తు అన్నది ఈ రెండింటికీ నడుమనున్న గోడ వంటిది. ప్రణాళికవారికీ కావలె, భద్రతవారికీ కావలె. 1962 ఆగస్టు 1న అమలులోకి వచ్చిన కేంద్ర నియమావళి ఈ చిక్కును ఒక వాక్యంతో దాటినది: ఏ రాష్ట్రపు చట్టం దేనిని నిండు అంతస్తు అంటుందో అదే నిండు అంతస్తు. అనగా అంకె వేసేది ఒకరు, ఆ అంకెకు అర్థం చెప్పేది మరొకరు.

అర్థం చెప్పడానికి రాష్ట్రాలన్నిటికీ కలిపి ఒక నమూనా చట్టం తయారైనది. దాని నియమం పలుచోట్ల ఇట్లుంటుంది. ఒక అంతస్తు పైకప్పు అంచు చుట్టునున్న నేలకంటె సగటున 1 మీటరు 40 సెంటీమీటర్లకు పైగా ఎత్తుండవలె. ఆ అంతస్తు వైశాల్యంలో కనీసం మూడింట రెండువంతుల మేర 2 మీటర్ల 30 సెంటీమీటర్ల ఎత్తు ఖాళీగా ఉండవలె. ఈ రెండూ ఉంటేనే నిండు అంతస్తు. మొదటి షరతు నేలమాళిగను వడగట్టడానికి. రెండవది అటకను వడగట్టడానికి.

ఇది ఎట్లు పనిచేస్తుందో లెక్క వేసి చూతాము. పది మీటర్ల వెడల్పుగల ఇల్లు. కప్పు ఇరువైపులా నలుబదియైదు డిగ్రీల వాలు. అటక నేలమీద రెండు ప్రక్కలా గోడను కొంచెం లేపి, దానిమీద వాసాలు ఆనించినారు. జర్మను మేస్త్రీలు ఈ పొట్టిగోడను మోకాలి పేరుతో వ్యవహరిస్తారు. ఆ మోకాటిగోడ అర మీటరుంటే, 2 మీటర్ల 30 సెంటీమీటర్ల ఎత్తు దొరికే నడిమి భాగం వెడల్పు 6 మీటర్ల 40 సెంటీమీటర్లు. నూటికి అరువదినాలుగు పాళ్ళు. మూడింట రెండువంతులకు తక్కువ గనుక అది అంతస్తు కాదు. అదే గోడను మరి ఇరువది సెంటీమీటర్లు లేపండి. నడిమి భాగం 6 మీటర్ల 80 సెంటీమీటర్లవుతుంది. నూటికి అరువదియెనిమిది. ఇప్పుడది అంతస్తు. రెండుమూడు వరుసల ఇటుకతో ఒకంతస్తు ఇల్లు రెండంతస్తుల ఇల్లయినది. ఒకే అంతస్తుకు అనుమతి ఉన్న చోట, ఆ ఇటుకలు పేర్చినవాడు శాసనోల్లంఘన చేసినవాడు.

ఇందులో మరొక విడ్డూరమున్నది. పైన చెప్పిన మూడింట రెండువంతుల నియమం బెర్లినులోది. ఉత్తర రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలోను, హెస్సెలోను అటకకు కావలసినది నాలుగింట మూడువంతులు. ఆ రెండవ ఇంటినే ఉత్తర రైన్ రాష్ట్రంలో కట్టితే అది నిండు అంతస్తు కాదు. మోకాటిగోడ 1 మీటరు 5 సెంటీమీటర్లు దాటేదాకా కాదు. నేలకు పైనుండవలసిన ఎత్తు కూడా అక్కడ 1 మీటరు 40 కాదు, 1 మీటరు 60 సెంటీమీటర్లు. బవేరియాలో చూస్తే 1 మీటరు 20 మాత్రమే. అదే ఇల్లు, అదే కప్పు. సరిహద్దు దాటితే అంతస్తుల సంఖ్య మారిపోతుంది.

కొండవాలున కట్టిన ఇండ్ల సంగతి ఇంకా వినోదకరము. సగటు అన్నారు గదా! వాలుకు దిగువవైపు మాళిగ 2 మీటర్ల 40 సెంటీమీటర్లు బయటికి కనబడుతూ, తలుపు తీస్తే తోటలోకి దారి ఉన్నది. ఎగువవైపు 20 సెంటీమీటర్లే కనబడుతున్నది. నేల ఒకే తీరున వాలి ఉంటే సగటు 1 మీటరు 30. కనుక ఎండ పడే ఆ తోటగది అంతస్తు కాదు. ఇంటి చుట్టు మట్టి పోయించి నేలమట్టం పెంచి మాళిగను "పాతిపెట్టే" యజమానులకు లోటు లేదు గనుక, బవేరియావంటి చోట్ల సహజమైన నేలనుగాని అధికారులు నిర్ణయించిన నేలనుగాని పట్టి కొలవవలెనని చట్టంలోనే వ్రాసినారు.

ఇంత పట్టింపు ఎందుకని మీరడుగవచ్చును. డబ్బు కొరకు. నగర పటంలో ప్రతి వీధికి రోమను అంకె ఒకటి వేసి ఉంటుంది. రెండు అన్న అంకె ఉంటే రెండు నిండు అంతస్తులకు మించరాదు. అంకె చుట్టు సున్న చుట్టితే సరిగ్గా రెండే ఉండవలె, తక్కువ కూడా పనికిరాదు. రోడ్డు, మురుగుకాలువల కొరకు పురపాలక సంఘానికి చెల్లించవలసిన రుసుము కూడా అనేక ఊళ్ళలో ఈ నిండు అంతస్తుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. కనుక నిండుకు ఒక వీసమెత్తు తక్కువగా అంతస్తును గీయడం శిల్పుల విద్యలో ఒక భాగమైపోయినది. పై అంతస్తును నాలుగు ప్రక్కలనుండి కొంచెం లోపలికి జరిపి కట్టి, చుట్టు వసారా విడిచిపెట్టిన పెట్టెవంటి ఇండ్లు జర్మను పల్లెలలో సైతం కనబడతవి. ఆ వసారా పూలకుండీల కొరకు పుట్టలేదు.

ఈ కథలో నాకు అన్నిటికంటె ఆలోచింపజేసినది 1990 నాటి మార్పు. అంతకుముందు ఇంటి మొత్తం నేలవైశాల్యానికి ఒక హద్దు ఉండేది. ఆరువందల చదరపు మీటర్ల స్థలంలో 0.8 అనే నిష్పత్తి ఉంటే నాలుగువందల ఎనుబది చదరపు మీటర్లు కట్టవచ్చును. అటకలోగాని మాళిగలోగాని నివాసగది ఏర్పాటు చేస్తే, అది నిండు అంతస్తు కాకపోయినా, ఆ గది వైశాల్యాన్ని దాని గోడలతో, మెట్లతో సహా ఈ లెక్కలో కలిపేవారు. అనగా మనిషి ఉన్నచోటు లెక్కలోకి వచ్చేది. 1980ల చివర ఇండ్ల కరువు ముమ్మరమైనది. ఖాళీ అటకలు లక్షలు కనబడుతున్నవి. 1990 జనవరి 27న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, ఊరి ప్రణాళిక ప్రత్యేకించి వేరుగా చెప్పితే తప్ప, నిండు అంతస్తుల వైశాల్యం మాత్రమే లెక్క. నిండు కాని అటకలో ఇల్లు కట్టుకొంటే హద్దు నుండి ఒక్క చదరపు మీటరు కూడా తరుగదు. బెర్లిను అటకలలోనుండి జనాన్ని దింపడానికి ఒక శతాబ్దం పాటుపడిన దేశమే వారిని మరల పైకి పిలిచినది. కాని ఈసారి ఎక్కినవారు వేరు. కప్పుకు పెద్ద అద్దాలు, గోడలకు వెచ్చదనం నిలిపే పొరలు, పైకి లిఫ్టు. ఒకనాడు కూలివాడు పడుకొన్న ఆ చోటు నేడు బెర్లినులో ఎక్కువ అద్దె పలికే చోట్లలో ఒకటి. మేయర్స్ హోఫ్ ఈ మార్పు చూడలేదు. యుద్ధం మిగిల్చిన భాగాన్ని 1972లో పడగొట్టినారు.

2002లో రాష్ట్రాల నమూనా చట్టాన్ని తిరగ వ్రాసినప్పుడు నిండు అంతస్తు అన్న మాటను భద్రతానియమాలనుండి తొలగించినారు. కేంద్రం తన నియమావళిలో రాష్ట్రాలవైపు వేలు చూపుతున్నంతకాలం మాత్రమే పాత నిర్వచనం చెల్లుతుందని చివరి ప్రకరణంలో ఒక మూల వ్రాసిపెట్టినారు. దాని స్థానంలో, ఇండ్లను తరగతులుగా విభజించడానికి మీటర్ల ఎత్తును తీసుకొన్నారు. నేలనుండి 7 మీటర్లు ఒక హద్దు. అది అగ్నిమాపక దళం వారు చేతులతో మోసుకొనివచ్చి ఆనించే నిచ్చెనకు అందే ఎత్తును పట్టి నిర్ణయించినది. ఈ ఎత్తును ఏ అంతస్తు వరకు కొలవవలెనన్నప్పుడు వారు నిండుదనాన్ని అడుగలేదు. మనిషి నివసించడానికి వీలున్న గది ఏ మేడలో అన్నిటికంటె ఎత్తున ఉన్నదో, ఆ మేడ నేలవరకు కొలవవలెనన్నారు. అటకలో అట్టి గది ఉంటే, నిచ్చెన లెక్కలో అటక కూడా అంతస్తే.